రిజిస్టరు చేసిన బండి

ఏ మాటైనా రెండుసార్లు అడగడం సోంబరుకు అలవాటు. చెవుడు లేదు, బుర్ర మందమూ కాదు. గవర్నమెంటు వారు మొదటిసారి చెప్పిందీ రెండోసారి చెప్పిందీ ఒకటే కావడం అతను జీవితంలో పెద్దగా చూడలేదు, అంతే. రేషను కార్డప్పుడూ అడిగాడు, కాఫీ మొక్కలిచ్చినప్పుడూ అడిగాడు. అడిగిన ప్రతిసారీ బల్లకు అవతలున్నవాళ్లు విసుక్కున్నారు. విసుక్కుంటూ చెప్పిన జవాబు మొదటి జవాబుతో కలిసిందా లేదా అని ఇతను చూసుకునేవాడు. కలవకపోతే మూడోసారి అడిగే ధైర్యం లేక ఇంటికొచ్చి సోములమ్మతో చెప్పుకునేవాడు.

భార్యాభర్తలిద్దరూ సోమవారం పుట్టినవాళ్లే. పుట్టిన వారం పేరే పెట్టుకునే ఊరు కనుక ఆ ఇంట్లో సోమవారాలు రెండయ్యాయి. ఊరు కరకగుడ. అరకు నుంచి ఒరిస్సా వైపు పోయే పెద్దరోడ్డు మీద మూడుదార్ల కూడలి దగ్గర బస్సు దిగి, కొండ మీదికి ఆరు కిలోమీటర్లు నడిస్తే వస్తుంది. తొంభై మూడులో ఆ ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు పెట్టారు. పోస్టుమాస్టరు నతానియేల్. మిషను బడిలో పంతులు, ఆయన ఇంటి వసారాయే ఆఫీసు. సంచి మోసే పని సోంబరుకు దొరికింది. చిన్నప్పుడు పోలియో వచ్చి అతని ఎడమకాలు సన్నబడిపోయింది. కర్ర పొడుచుకుంటూ నడుస్తాడు. నాలుగో తరగతి దాకా చదివినవాడూ, ఊళ్లో వేరే పని చెయ్యలేనివాడూ ఇతనొక్కడేనని నతానియేల్ పేరు రాసి పంపితే పైవాళ్లు సరేనన్నారు.

అలా సోంబరు టపా సోంబరయ్యాడు. పొద్దున్నే ఊళ్లో ఉత్తరాల సంచి భుజానేసుకుని కూడలికి దిగుతాడు. తొమ్మిదింటికి వచ్చే బస్సుకు ఆ సంచి ఇచ్చి, అరకు నుంచి వచ్చిన సంచి తీసుకుని మళ్లీ ఎక్కుతాడు. సంచి మూతికి లక్క సీలుంటుంది. ఆ సీలు మీద అతనికున్న భక్తి గంగమ్మ మీద కూడా ఉండేది కాదు. వానలో తను తడిసేవాడు గానీ సీలును తడవనిచ్చేవాడు కాదు. ఒకసారి వాగు పొంగితే రెండు గంటలు చెట్టెక్కి కూచున్నాడట, సంచి నెత్తిన పెట్టుకుని. పదిహేనేళ్లలో ఒక్క ఉత్తరం పోలేదు, ఒక్క సీలు పగల్లేదు. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం అతను ఎవరినీ రెండుసార్లు అడగడు.

ఒక్కటే లోటు. ఆ పదిహేనేళ్లలో అతని పేరున ఒక్క ఉత్తరం రాలేదు. ఎవరు రాస్తారు? చుట్టాలంతా కేకేస్తే పలికే దూరంలోనే ఉన్నారు. అయినా రోజూ నతానియేల్ సీలు పగలగొట్టి ఉత్తరాలు బల్లమీద పరిచేటప్పుడు, సోంబరు గుమ్మానికి ఆనుకుని నిలబడి, "నాకేటైనా ఉందా మాస్టరుబాబూ?" అనేవాడు. "రేపు చూద్దాం సోంబరూ" అనేవాడాయన. ఇద్దరూ నవ్వుకునేవారు. పదిహేనేళ్లు అదే మాట, అదే నవ్వు. నవ్వాక సోంబరు బల్లవైపు ఇంకొక్కసారి చూసి వెళ్లేవాడు.

రెండువేల ఏడులో కరకగుడకు తారురోడ్డు పడింది. ఊరంతా సంబరపడింది. సోంబరు కూడా పడ్డాడు, రోడ్డు తన పొట్టమీదికే వస్తుందని తెలియక. రోడ్డు పడ్డ నెలలోనే పోస్టల్ ఓవర్సీరు సన్యాసిరావు వచ్చాడు. విజయనగరం మనిషి, నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు.

"ఏటోయ్ సోంబరూ, ఇప్పుడు టపా ఎన్నింటికి చేరతంది?"

"పన్నెండవుతాది బాబూ."

"ఇన్నాళ్లూ దారి నేదన్నారు, సరే. ఇప్పుడు రోడ్డుంది. రోడ్డున్న ఊరికి పదింటికల్లా టపా చేరాలని రూలు. సైకిలు తొక్కగలవా?"

సోంబరు తన ఎడమకాలి వైపు చూశాడు. సన్యాసిరావు కూడా చూసి, మొహం అటు తిప్పుకున్నాడు.

"నానేటి సెయ్యగలను చెప్పు. పైనుంచి రాసినారు. ఫిబ్రవరి ఆఖరికి మళ్లీ వస్తాను. అప్పటికీ పన్నెండే అయితే ఇంకోడి పేరు రాయక తప్పదు."

"ఇంకోడి పేరు రాస్తారా బాబూ?" అని రెండోసారి అడిగాడు సోంబరు. జవాబు మారలేదు. గవర్నమెంటు మాట రెండుసార్లూ ఒకటిగా వచ్చింది ఆ రోజే, అదీ ఇలాంటి మాట.

జీపుల్ని నమ్ముకోలేడు, నిండితే గాని కదలవు. మోటారు సైకిలు నేర్చుకుందామని అరకులో లైసెన్సు మేళాకు వెళ్లాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు అతని కాలు చూసి, "ఎడమకాలితో గేరెలా వేస్తావయ్యా? కుదరదు" అని కాగితం వెనక్కిచ్చేశాడు. సోంబరు రెండోసారి అడగబోతే వెనక వరుసలోవాళ్లు తోసేశారు.

సంక్రాంతి వెళ్లాక అరకులో టూరిస్టుల కోసం గవర్నమెంటు ఉత్సవం పెట్టింది. సోంబరు సోములమ్మ పండించిన మిరియాలు అమ్మడానికి వెళ్లి, ఒక డేరా ముందు ఆగిపోయాడు. డేరాలో ఎర్రరంగు స్కూటరొకటి ఉంది. పక్కన ఒక ఆఫీసరు మైకు పట్టుకుని, పెట్రోలు పొగ వల్ల లోకానికి ఎంత చేటో చెబుతున్నాడు. ఇది కరెంటు బండి, బ్యాటరీతో నడుస్తుంది, ఇలాంటి బండ్లు జనం కొనాలని గవర్నమెంటు ప్రోత్సహిస్తోంది, గిరిజనులైతే సగం పైగా మేమే భరిస్తాం అంటున్నాడు. సోంబరు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కాలితో తన్నే కిక్కు లేదు. గేరు లేదు. బ్రేకులు రెండూ చేతుల దగ్గరే ఉన్నాయి. ఇంకోసారి తిరిగి ఆఫీసరు దగ్గరికి వెళ్లాడు.

"దీనికి లైసెన్సు కావాలా బాబూ?"

"వద్దు. గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు మించదు. లైసెన్సు వద్దు, నంబరు వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు. చట్టమే అలా చెప్పింది."

"లైసెన్సు వొద్దా?"

"వద్దయ్యా."

"నంబరు?"

"వద్దు."

"కాగితాలేటీ వొద్దా?"

"ఏమీ వద్దు."

"మరేటి కావాల బాబూ?"

"కరెంటు" అన్నాడు ఆఫీసరు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సోంబరు నవ్వలేదు. ఏమీ వద్దనే గవర్నమెంటును అతను అంతకు ముందు చూడలేదు. ఒక్కసారిగా ఇన్ని వద్దులు వస్తే మనిషికి అనుమానం రాదూ? అతనికీ వచ్చింది. కానీ ఫిబ్రవరి ఆఖరు గుర్తొచ్చింది. మిరియాల డబ్బూ, ఆ ఏటి కాఫీ డబ్బూ పెట్టి, మిగతాది గవర్నమెంటు పెట్టుకోగా, పది రోజుల్లో ఎర్రబండి కరకగుడ వచ్చింది.

ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. గోడకున్న ప్లగ్గులో వైరు పెడితే సోములమ్మ దానికి "మేతేసినాడు" అంది. ఆ మాటే నిలిచిపోయింది. కరెంటు పోయిన రోజు "బండి పస్తు" అనేవారు. రెండు రోజులు బడి దగ్గర తిప్పి నేర్చుకున్నాడు. కుడికాలు ఆనించుకుని ఆగడం, చేత్తో బ్రేకు పట్టుకోవడం, అంతే పని. ఎత్తుకు వచ్చేసరికి కొంచెం మూలిగేది గానీ సోంబరు బక్కమనిషి కనుక లాగేది. పదిహేనేళ్లు కర్ర పొడుచుకుంటూ దిగిన దారిలో గాలి మొహానికి తగులుతుంటే, అతను ఎవరూ చూడకుండా ఏడ్చాడు. ఏడ్చినట్టు సోములమ్మకు కూడా చెప్పలేదు.

తంటా ఎక్కడొచ్చిందంటే, బండికి చప్పుడు లేదు. చప్పుడు లేని బండి ఆ కొండల్లో ఎవరికీ తెలియదు. కట్టెల మోపుతో వస్తున్న చిట్టెమ్మ ముసలి వెనక నుంచి బండి వచ్చి పక్కన తేలేసరికి మోపు పడేసి, దెయ్యమనుకుని సోంబరును నోటికొచ్చినట్టు తిట్టింది. పశువులు తప్పుకునేవి కావు. ఊరి మందను కాసే సుక్రు ఇదంతా చూసి ఒక ఉపాయం చెప్పాడు.

"నా ముందావు సచ్చిపోనాది కదా, దాని గంటుంది. కట్టుకో. ఇనపడతాది."

అది చేత్తో చెక్కిన కొయ్యగంట. ఆ కొండల్లో ప్రతి మందకూ దారి చూపే ఆవొకటి ఉంటుంది. దాని మెడలో గంట వేరే ఎక్కడా ఉండని గొంతుతో పలుకుతుంది. మంద ఆ గొంతు వెనకే పోతుంది. సుక్రు మంచికే ఇచ్చాడు, సోంబరు మంచికే కట్టుకున్నాడు. తన మంద సంగతి సుక్రుకే గుర్తు రాలేదంటే ఇంకెవరిని అనాలి?

మర్నాడు పొద్దున్న సంచి వేసుకుని, గంట టకటకలాడుతుంటే సోంబరు బయల్దేరాడు. రెండో మలుపులో వెనక్కి తిరిగి చూస్తే పదకొండు ఆవులు. ఆగాడు, అవీ ఆగాయి. కసిరాడు, నిలబడి చూశాయి. బండి కదిలితే గంట మోగింది, గంట మోగితే ఆవులు కదిలాయి. గంట విప్పుదామంటే సుక్రు తాడుతో బిగించిన ముడి రాలేదు. బస్సు వేళ దాటిపోతోంది. ఇక ఏం చేస్తాడు? ఆవులతోనే దిగాడు.

సగం దారిలో వంతెన దగ్గర ఒక గేటుంది. గేటు పాతదే, అక్కడ కూచున్న పోలీసు కొత్త. పైకొండల్లో గంజాయి పట్టుకున్న దగ్గర్నుంచి అక్కడ కాపలా పెట్టారు. కిందటివారమే వచ్చిన కానిస్టేబులు మల్లేశు పళ్లు తోముకుంటూ తలెత్తేసరికి నంబరు లేని బండి, భుజాన మూతికట్టిన సంచి, కాపరి లేని పదకొండు ఆవులు ఒకేసారి గేటు దగ్గరకొచ్చి ఆగాయి. అతని తప్పేం లేదు, నేనైనా కంగారుపడేవాణ్ణి.

"ఆగు. బండి నంబరేది?"

"వొద్దన్నారు బాబూ."

"ఎవరు వద్దన్నారు?"

"గవర్నమెంటు."

"నేనెవర్ని?"

సోంబరు అతని టోపీ వైపు చూశాడు. "మీరూ గవర్నమెంటే బాబూ."

"మరి నేను కావాలంటున్నాను."

ఇక్కడే సోంబరుకు లెక్క తప్పింది. గవర్నమెంటు వద్దంది, గవర్నమెంటు కావాలంది. అతను మెల్లగా రెండోసారి అడిగాడు. "నంబరు కావాలా బాబూ?"

"అదిగో, ఆవు చెవికి చూడు, ఇన్సూరెన్సు బిళ్ల. దానికి నంబరుంది. ఆవుకే నంబరుంటే నీ బండికి ఉండదా? ఏ బండికైనా కాగితాలుంటాయి."

"కాగితాలు కూడా వొద్దన్నారు బాబూ."

"అలాగా. కాగితాలు వద్దని రాసిన కాగితం తీసుకురా, వదిలేస్తాను." మల్లేశు సంచి వైపు చెయ్యి చాపాడు. "ముందు అది విప్పు."

సోంబరు సంచిని రెండు చేతులా వాటేసుకున్నాడు. బండి కావాలంటే తీసుకోమన్నాడు, ఆవుల్ని తీసుకోమన్నాడు, తనను కూడా తీసుకోమన్నాడు. సీలు మాత్రం పోస్టుమాస్టరు తప్ప ఎవరూ విప్పకూడదన్నాడు. చెబుతున్నంతసేపూ చేతులు వదల్లేదు. మల్లేశు లక్క మీది ముద్ర చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎంత పోలీసైనా ఇంకో డిపార్టుమెంటు సీలంటే కాస్త భయమే.

"సంచితో నువ్వు పో. బండి ఇక్కడే ఉంటుంది. ముందు దాన్ని రిజిస్టరు చేయించు. నంబరేసి, స్టాంపేసి, కాగితమిస్తారు. అది పట్టుకురా."

సోంబరు కర్రలేకుండా కుంటుకుంటూ కూడలికి వెళ్లాడు. బస్సు వెళ్లిపోయింది, అది దించిన అరకు సంచి టీ కొట్టు బల్లమీద ఉంది. ఆ రోజు టపా కరకగుడ చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆవులు గంట కోసం సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డాయని, సుక్రు వచ్చి తోలుకుపోయాడని తరవాత తెలిసింది.

దారిపొడుగునా సోంబరు మల్లేశు చెప్పిన మాటే నెమరేసుకున్నాడు. రిజిస్టరు చెయ్యడం, నంబరెయ్యడం, స్టాంపెయ్యడం, కాగితమివ్వడం. ఇదంతా అతనికి తెలిసిన పనే. పదిహేనేళ్లుగా నతానియేల్ బల్లదగ్గర రోజూ చూస్తున్నాడు. ఇంత చిన్న పనికా అతను బండి ఆపేసింది? మనసు కుదుటపడింది. వసారాలోకి అడుగుపెడుతూనే అడిగాడు.

"మాస్టరుబాబూ, బేగి నా బండిని రిజిస్టరు సెయ్యాల."

"ఏం చెయ్యాలి?"

"రిజిస్టరు. నంబరు సీటీ అంటించి, గుండ్రటి స్టాంపు కొట్టి రసీదియ్యండి. పోలీసు అడిగినాడు."

నతానియేల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వొచ్చింది గానీ సోంబరు మొహం చూసి మింగేశాడు. ఉత్తరాన్ని రిజిస్టరు చెయ్యడం వేరు, బండిని రిజిస్టరు చెయ్యడం వేరు అని చెప్పాడు. ఎందుకు వేరో చెప్పబోయి తనే తికమకపడ్డాడు. రెండింటికీ నంబరే, రెండింటికీ స్టాంపే, రెండూ గవర్నమెంటే.

"బండిని నేను చెయ్యలేను. బండి గురించి ఉత్తరం రాసి, దాన్ని రిజిస్టరు చేస్తాను. విశాఖపట్నం రవాణా ఆఫీసుకు. ఈ బండికి నంబరు కావాలో వద్దో వాళ్లే చెబుతారు."

ఉత్తరం రాశారు. రిజిస్టరు నంబరు ఆర్ 417 పడింది. ఉత్తరం అందినట్టు అవతలివాళ్లు సంతకం చేసి తిప్పిపంపే కార్డొకటి ఉంటుంది కదా, దాని మీద పంపినవారి అడ్రసు దగ్గర సోంబరు పట్టుబట్టి రాయించాడు. టపా సోంబరు, కరెంటు బండి, కరకగుడ. ఉత్తరం బండి గురించి కనుక బండి పేరు కూడా ఉండాలన్నాడు. తన ఉత్తరమున్న సంచిని మర్నాడు తనే మోసుకెళ్లాడు, వంతెన దగ్గర నిలబడ్డ తన బండి పక్కనుంచి.

పన్నెండు రోజులు నడిచాడు. కాలు వాచింది. సోములమ్మ వేపాకు కాపడం పెడుతూ, "బండి రాకముందు నడిసేవోడివే కదా" అంది. నిజమే, కానీ ఎక్కి దిగినవాడికి నడక ఇంకా బరువైంది. మధ్యలో ఒకరోజు అరకు వెళ్లి ఉత్సవంలో బండి చూపించిన ఆఫీసరు కోసం వెతికాడు, ఆయనకు బదిలీ అయిందన్నారు. కొత్తాయన, "వద్దని చట్టంలోనే ఉంటే మళ్లీ వద్దని మేమెందుకు రాసిస్తామయ్యా?" అన్నాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికీ వెళ్లాడు. "నంబరున్న బండ్లే మావి. నంబరు లేనిది మా బండే కాదు, దాని గురించి నేనెలా రాస్తాను?" అన్నాడాయన. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. నిజాలు రెండూ కలిపితే బండి మాత్రం గేటు దగ్గరే ఉంది.

పదమూడో రోజు సంచిలో కార్డు తిరిగొచ్చింది. నతానియేల్ తిప్పి చూసి, "ఇది జవాబు కాదు సోంబరూ. ఉత్తరం ముట్టిందని సంతకం, అంతే" అన్నాడు.

"స్టాంపుంది కదా బాబూ?"

"ఉంది. రవాణా ఆఫీసు స్టాంపే."

"నంబరుంది కదా?"

"ఉత్తరానిది."

"బండి పేరుంది కదా?"

నతానియేల్ కార్డు ఇంకోసారి తిప్పి చూసి ఇచ్చేశాడు. ఫిబ్రవరి ఆఖరుకు నాలుగు రోజులుంది. సోంబరు కార్డు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. అబద్ధమేమీ ఆడలేదు. "ఇదొచ్చింది బాబూ" అన్నాడు, అంతే. మల్లేశు కార్డు ముందు చూశాడు, వెనక చూశాడు. గుండ్రటి స్టాంపు, పచ్చసిరా సంతకం, ఆర్ 417, కరెంటు బండి. అతని మొహం తేటపడింది.

"ఇది ముందే తెచ్చుంటే గొడవే లేదు కదా. ఈ నంబరు బండి మీద రాయించు, కనపడేలా." తన పుస్తకంలో కూడా రాసుకున్నాడు.

సోంబరు బడి గోడల సున్నం కుంచెతో బండి ముందూ వెనకా ఆర్ 417 రాసుకున్నాడు. నతానియేల్ అది చూసి, "అబద్ధం కాదు. నిజమా అంటే నిజమూ కాదు. దేవుడే చూసుకోవాలి" అన్నాడు. గంట విప్పి సుక్రుకిచ్చేసి, బదులు సైకిలు బెల్లు పెట్టించారు. సన్యాసిరావు వచ్చిన రోజు టపా తొమ్మిదీ నలభైకి చేరింది. ఆయన బండి చుట్టూ తిరిగి, "సెబాసు" అని, తన రిపోర్టులో స్కూటరు నంబరు ఆర్ 417 ద్వారా టపా వేళకు చేరుతున్నదని రాశాడు. సోంబరు పని నిలిచింది.

వేసవి గడిచింది. వానలు పట్టాయి. భాద్రపదంలో ఒకరోజు నతానియేల్ సీలు పగలగొట్టి ఉత్తరాలు పరిచాడు. సోంబరు గుమ్మానికి ఆనుకుని ఎప్పటిలాగే, "నాకేటైనా ఉందా మాస్టరుబాబూ?" అన్నాడు.

నతానియేల్ రేపు చూద్దామనలేదు. "ఉంది" అన్నాడు.

సోంబరు రెండోసారి అడగడం మరిచిపోయాడు. గోధుమరంగు కవరు, రిజిస్టరు చేసింది, రవాణా ఆఫీసుది. మీద టైపు చేసిన అక్షరాలు. కూడబలుక్కుని చదువుకున్నాడు. శ్రీ టపా సోంబరు గారికి. శ్రీ అని ఉంది. గారు అని కూడా ఉంది. పుట్టి నలభై ఏళ్లయ్యాక మొట్టమొదటి ఉత్తరం. చేతులు పంచెకు తుడుచుకుని కవరు అందుకోబోయి ఆగాడు.

"ఇందులో ఏటుంటాది బాబూ?"

"చింపితే గాని తెలీదు. సంతకం పెట్టి తీసుకో."

సోంబరు అరుగుమీద కూచున్నాడు. లోపల నంబరు కావాలి అని ఉంటే, మరి ఈ ఆర్నెల్లూ ఏ నంబరుతో తిరిగావంటారు. నంబరు వద్దు అని ఉంటే, వద్దన్నాక ఎందుకు రాసుకున్నావంటారు. మల్లేశు పుస్తకంలో రోజూ అదే నంబరు పడింది. సన్యాసిరావు రిపోర్టులో పడింది. కవరు తెరిస్తే ముగ్గురికీ మూడుతుంది. తెరవకుండా దాచేద్దామా? ఆ ఊహ రావడానికే అతనికి సిగ్గేసింది. పదిహేనేళ్లలో ఒక్క ఉత్తరం పోలేదు. ముట్టిన ఉత్తరం ముట్టలేదని చెప్పే నోరు అతనికి లేదు.

"పుచ్చుకోనంటే ఏటి సేత్తారు?"

నతానియేల్ కవరు వెనక్కి తీసుకున్నాడు. "ఏడు రోజులు ఇక్కడుంచుతాం. అప్పటికీ వద్దంటే, తీసుకోలేదని రాసి తిప్పి పంపుతాం. రూలే."

ఆ ఏడు రోజులూ సోంబరు సంచి దించగానే అడిగేవాడు. నతానియేల్ బీరువాలోంచి కవరు తీసి ఇచ్చేవాడు. రెండు చేతులా పట్టుకుని తన పేరు చదువుకునేవాడు. శ్రీ దగ్గర మొదలుపెట్టి గారి దాకా. మడత పడకుండా మళ్లీ ఇచ్చేసేవాడు. నాలుగో రోజు సోములమ్మను కూడా తీసుకొచ్చాడు. ఆమెకు చదువు రాదు, పేరున్న చోట వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ అక్షరాల్ని తడిమి, "ఇంత రాసినాడు, మంచోడిలాగున్నాడు" అంది. లోపలేముందో ఆమె అడగలేదు. లోపలేముందో మనకూ తెలీదు.

ఏడో రోజు నతానియేల్ కవరు బల్లమీద పెట్టాడు.

"వొద్దు బాబూ" అన్నాడు సోంబరు. "పుచ్చుకోనని రాయండి."

ఆయన కలం మూత తీశాడు. "నీ పేరున వచ్చింది ఇదొక్కటే సోంబరూ."

"తెలుసు బాబూ. మీరు రాసెయ్యండి."

మర్నాడు పొద్దున్న సీలేసిన సంచి భుజాన పెట్టుకుని సోంబరు బండి ఎక్కాడు. ముసురు పడుతోంది. చొక్కా విప్పి సీలుకు కప్పాడు. వంతెన దగ్గర మల్లేశు గొడుగు కింద పుస్తకం తెరిచాడు.

"సంచిలో ఏముంది?"

"ఉత్తరాలు బాబూ."

"ఎవరివి?"

"అందరివీ" అన్నాడు సోంబరు. సీలు మీది చొక్కా సర్దుకుని, "ఒకటి నాది" అన్నాడు.

మల్లేశు పుస్తకంలో ఆర్ 417 అని రాసుకుని గేటెత్తాడు.